నాన్నగారి చెవి మిషను

మా ఇంటికి పాలు పోసే ఆయన ఏడాదిగా అరుస్తున్నాడు. మనిషి మంచివాడే. పాలలో నీళ్ళు కలిపినా మర్యాదగా కలుపుతాడు. కానీ పొద్దున్న ఐదున్నరకి గేటు దగ్గర నిలబడి, మూడడుగుల దూరంలో ఉన్న మా నాన్నగారిని "ఆయ్, ఇవాళ లీటరేనాండీ" అని అడిగాడంటే, కాలవ అవతలి గట్టు మీద ఎవరినో పిలుస్తున్నాడనుకోవాలి. నాన్నగారు చెవి వెనక చెయ్యి పెట్టుకుని "ఎంతా?" అంటారు. అతను ఇంకోసారి అరుస్తాడు. వారానికి ఒక్క ఆదివారం పొద్దెక్కేదాకా పడుకుందామనుకునే నాలాంటివాడికి ఇది చిన్న కష్టం కాదు.

పాలాయన్ని తప్పుపట్టలేను. మా నాన్నగారికి చెవుడొచ్చిందని ఊరందరికీ తెలుసు. రాలేదని తెలిసింది ఇద్దరికే, ఆయనకీ నాకూ.

ఆయన హైస్కూల్లో సోషల్ మాస్టారుగా చేసి రిటైరయ్యారు. నిడదవోలుకి నాలుగు కిలోమీటర్ల దూరంలో మా ఊరు, ఊళ్ళో మా లూథరన్ చర్చి. ఆ చర్చిలో ముప్పై ఏళ్ళుగా ఆదివారం సువార్త పాఠం చదివేది ఆయనే. పాత నిబంధన పాఠం ఎవరైనా చదవచ్చు, జనం కూర్చునే వింటారు. సువార్తకి మాత్రం సంఘమంతా లేచి నిలబడాలి. ముగిసిందని చదివేవారు చెప్పేదాకా ఎవరూ కూర్చోకూడదు. సర్వీసులో ఉన్నన్నాళ్ళూ ఆయన గదిలోకి అడుగుపెడితే పిల్లలు లేచి నిలబడేవారు. రిటైరయ్యాక ఆయన్ని చూసి లేచి నిలబడే సందర్భం వారానికి ఇదొక్కటే మిగిలింది. నిలబడేది తనకి కాదు, సువార్తకి అని ఆయనకి తెలుసు. అయినా ఆ స్టాండు వెనక ఉండేది ఆయనే కదా.

కళ్ళు తగ్గుతున్నాయని నేను కనిపెట్టింది ఆయన ఫోను వల్ల. అక్షరాల సైజు పెంచుకుంటూ పోయి పోయి, చివరికి స్క్రీను మీద రెండు మాటలు పట్టే స్థితికి తెచ్చారు. ఒక వాక్యం చదవాలంటే ఫోన్ని తిరగలి తిప్పినట్టు తోస్తూనే ఉండాలి. ఆ తర్వాత అదీ మానేసి, ఏ మెసేజి వచ్చినా చేతులు జోడించిన బొమ్మ పంపడం మొదలుపెట్టారు. పుట్టినరోజుకీ అదే, చావుకీ అదే, కరెంటు బిల్లుకీ అదే. ఎవరూ తప్పుపట్టలేదు. రిటైరైన మాస్టారు, పైగా సంఘ పెద్ద, ఆయన దండం పెడితే ఎక్కడైనా చెల్లుతుంది.

పెన్షను కాగితాల పనని ఇంట్లో చెప్పి ఆయన్ని రాజమండ్రి తీసుకెళ్ళాను. రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరాయన్నారు డాక్టరుగారు. ఆపరేషను చిన్నదే, రెండు కళ్ళూ అయ్యేసరికి నెల పడుతుంది, ఆ నెలా చదవడం పెట్టుకోవద్దన్నారు. నాన్నగారు శ్రద్ధగా విని, డాక్టరుగారికి వందనాలు చెప్పి, బయటికొచ్చి, బస్టాండు దాకా నడిచారు. బస్సెక్కాక అన్నారు. "నెల రోజులు ఖాళీగా వదిలిన స్థలం రెవెన్యూవాడి చేతిలో పెడితే, మళ్ళీ తిరిగొచ్చినట్టు ఎక్కడైనా విన్నావట్రా?"

రెవెన్యూవాడంటే మా సంఘంలో రెండో పెద్ద. గ్రామ రెవెన్యూ అధికారిగా చేసి రిటైరయ్యారు. ఊరందరికీ ఇప్పటికీ వీఆర్వో గారే. పాత నిబంధన పాఠం ఆయన చదువుతారు. గొంతు పెద్దది, మైకు పోయినా ఇబ్బంది లేదు. కాకపోతే ఏ వాక్యం చదివినా పొలానికి సరిహద్దులు చెబుతున్నట్టుంటుంది. ఎర్ర సముద్రం పాయలైన భాగం చదివినప్పుడు, ఇటు పాయ ఎవరి పేర ఉందో, అటు పాయ ఎవరి పేర ఉందో కూడా చెబుతారేమోనని చూశాను.

ఆపరేషను వద్దు, ఆ సంగతి ఎవరికీ చెప్పొద్దు, అమ్మకి అసలే వద్దు అన్నారు నాన్నగారు. మరి చదవడం ఎలా? కొన్ని వారాలు శనివారం సాయంత్రాలు అమ్మ చేత పాఠం చదివించుకుని బట్టీపట్టారు. "నీ ఉచ్చారణ బాగుంటుంది, ఒకసారి చదువు" అనేవారు. పెళ్ళయిన నలభై ఏళ్ళలో అమ్మ ఉచ్చారణ గురించి ఆయన మాట్లాడటం అదే మొదలు. అమ్మ ఆయన వంక ఒకసారి చూసి, ఏమీ అనకుండా చదివి పెట్టేది. కానీ డెబ్భై దాటిన వయసులో బట్టీ నిలవదు. ఒక ఆదివారం చేపల అద్భుతంలో రొట్టెల అద్భుతం కలిసిపోయింది. అదృష్టం కొద్దీ రెండింటిలోనూ భోజనమే కనక ఎవరూ పట్టించుకోలేదు.

అప్పుడు నా బుర్రలో ఒక ఆలోచన పుట్టింది. నేను కడియం నర్సరీలో పని చేస్తాను. డిగ్రీలో వృక్షశాస్త్రం చదివినందుకు, రోజంతా మొక్కల్ని వీడియోలు తీసి ఇతర రాష్ట్రాల వ్యాపారులకి పంపడం నా ఉద్యోగం. రెండు చేతుల్లో కుండీలు పట్టుకుని మాట్లాడాలి కనక చెవిలో పెట్టుకునే వైర్లేని బుడిపె ఒకటి ఉంది నా దగ్గర. బైబిలు చదివి వినిపించే యాప్ ఒకటి నాన్నగారి ఫోన్లో వేశాను. బుడిపె ఆయన చెవిలో, ఫోను నా చేతిలో. యాప్‌లో పెద్దమనిషి ఒక ముక్క చదువుతాడు, నాన్నగారు అర ముక్క వెనకగా అదే పలుకుతారు. పాఠం అయిపోయే చోట నేను ఆపుతాను. అంతే.

డాబా మీద వాకింగ్ పేరుతో వారం రోజులు సాధన చేశాం. మొదట్లో ఆయన యాప్ చెప్పిందల్లా చెప్పేవారు, అధ్యాయం నంబరుతో సహా. తర్వాత పట్టు దొరికింది. ఆ యాప్‌లో మధ్యమధ్య ఫ్లూటు వస్తుంది. ఫ్లూటు వచ్చిన చోట ఆయన ఆగి కళ్ళు మూసుకునేవారు. సంఘం దాన్ని భక్తి అనుకుంది. కొంత నిజమే కావచ్చు. ఫ్లూటు బాగుండేది.

చెవిలో అదేంటని అడిగితే ఏం చెప్పాలి? చెవి మిషను అని చెప్పేశాం. నా చిన్నప్పట్నుంచీ అబద్ధం ఆడకూడదని చెబుతూ వచ్చిన మనిషి ఈ అబద్ధానికి ఎలా ఒప్పుకున్నారో నాకు ఇప్పటికీ తెలీదు. "మిషను చెవిలోనే ఉంది కదరా, అందులో అబద్ధమేముంది" అన్నారు. చెవుడు వచ్చినవాడు చదవకూడదని ఎక్కడా లేదు. చూపు పోయినవాడు చదవలేడని మాత్రం ఎవరికైనా తోస్తుంది. అందుకని లేని చెవుడు తెచ్చుకుని ఉన్న చూపులేమిని దాచారు. ఇంట్లో కూడా మిషను పెట్టుకునే తిరిగేవారు, అమ్మ అడగకుండా. అమ్మ అడగలేదు కూడా. గొంతు పెంచనూ లేదు. ఎప్పటిలాగే వంటింట్లోంచి మామూలు గొంతుతో ఏదో ఒకటి అంటూ ఉండేది. ఆవిడకి స్త్రీల సమాజం గ్రూపులో వాయిస్ మెసేజిల ప్రార్థనలతోనే తీరిక లేదు కదా అని నేను సరిపెట్టుకున్నాను. ఒక్కో ప్రార్థన ఏడు నిమిషాలుంటుంది. వేలు జారడం వల్ల ఆమేను విడిగా వెళ్తుంది.

చెవుడు వల్ల నాన్నగారికి కలిగిన జ్ఞానం ఆయన ఊహించింది కాదు. ఆయన ఎదురుగానే ఆయన గురించి జనం మామూలు గొంతుతో మాట్లాడుకునేవారు. ఒక కూడికలో ఇద్దరు పెద్దావిడలు, మాస్టారి ప్రార్థన మొదలైతే ఇంటికెళ్ళి బియ్యం ఎసట్లో పడేసి రావచ్చు అనుకున్నారట. ఆ వారం నుంచి ఆయన ప్రార్థన సగానికి సగం తగ్గింది. రిటైరయ్యాక మాస్టారు ఆత్మీయంగా ఎంత ఎదిగారో అన్నారు అయ్యగారు, అంటే మా పాస్టరుగారు.

ఏడాది ఇలా నడిచింది. ఇంతలో ఒక ఆదివారం అయ్యగారు ప్రసంగంలో ఫోన్ల మీద పడ్డారు. దేవుని వాక్యం చదివేటప్పుడు ఫోన్లు నొక్కుతున్న చేతులు తనకి పైనుంచి కనపడుతున్నాయని చెప్పి, అలా చెబుతున్నంతసేపూ నా వైపే చూశారు. ఆ తర్వాతి ఆదివారం నేను ఫోన్ని జేబులోనే ఉంచి, లోపల వేలుతో తడిమి పని నడపాలనుకున్నాను. మొక్కలు నాటే చేతులకి అదొక లెక్కా అనుకున్నాను.

ఆ రోజు సువార్త ప్రభువు బాప్తిస్మం. చిన్న పాఠం. అది ముగిసిన వెంటనే, అదే అధ్యాయంలో వంశావళి ఉంటుంది. ఫలానా ఆయన ఫలానా ఆయన కుమారుడు, ఆయన మరో ఆయన కుమారుడు అంటూ ఆదాము దాకా వెళ్తుంది. డెబ్భై పైచిలుకు పేర్లు. మా చర్చిలో దాన్ని ఎప్పుడూ ఎవరూ పైకి చదవలేదు. చదవాల్సిన అవసరం ఎవరికీ కనపడలేదు.

వీఆర్వో గారు పాత నిబంధన సరిహద్దులు ముగించి దిగారు. నాన్నగారు స్టాండు దగ్గరికి వెళ్ళారు. సంఘం లేచి నిలబడింది. ఆడవాళ్ళు చాపల మీంచి మోకాళ్ళు పట్టుకుని లేచారు. పాఠం చక్కగా నడిచింది. ఆకాశం తెరుచుకునే చోట ఫ్లూటు వచ్చింది, నాన్నగారు కళ్ళు మూసుకున్నారు. చివరి వాక్యం పడగానే నేను జేబులో నొక్కాను.

నాన్నగారు మొదటి పేరు చదివారు.

మళ్ళీ నొక్కాను. రెండో పేరు, మూడో పేరు. ఇంకొంచెం పక్కన నొక్కాను. అప్పుడు నాన్నగారి వేగం పెరిగింది. యాప్‌లో చదివే వేగం పెంచే మీట ఒకటుంది, ఆపే మీట పక్కనే. కంగారులో మళ్ళీ అదే నొక్కాను. నిడదవోలులో ఆగని ఎక్స్‌ప్రెస్ ప్లాట్‌ఫాం దాటినట్టు, నాన్నగారు తాతల్నీ ముత్తాతల్నీ దాటుకుంటూ వెళ్ళిపోతున్నారు. ఊపిరి తీసుకునే చోటు లేదు, ఫ్లూటు కూడా లేదు. అయ్యగారు తన పుస్తకం తెరిచి, ఈ వారానికి తానే ఇంతదాకా ఇచ్చానా అని చూసుకుంటున్నారు. సువార్త చదువుతుంటే ఆపమనే హక్కు అయ్యగారికి కూడా లేదు. పాటల బృందం గోడకి చేరబడింది. ఒక ముసలావిడ ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారుతూ, ప్రతి పేరుకీ స్తోత్రం చెప్పడం మొదలుపెట్టి, పదో పేరు దగ్గర మానేసింది. వీఆర్వో గారు మాత్రం కదలకుండా, స్టాండు మీద తెరిచి ఉన్న బైబిలు వంక చూస్తున్నారు.

ఆదాము వచ్చాడు. ఆయనకి దేవుడు తప్ప వేరే తండ్రి లేడు కనక అధ్యాయం అయిపోయింది. యాప్ ఊపిరి పీల్చుకుంది. ఆ సందులో నాన్నగారు, ఇంతటితో సువార్త పాఠం ముగిసిందని చెప్పారు. సంఘం కూర్చున్న చప్పుడు అంత స్పష్టంగా నేనెప్పుడూ వినలేదు.

తిట్లు పడతాయనుకున్నాను. ఆరాధన అయ్యాక జనం ఆయన చుట్టూ మూగారు. అన్ని పేర్లు, అంత వేగంగా, ఒక్క తడబాటు లేకుండా. ఈ వయసులో ఈ వాక్యజ్ఞానం దేవుని కృపే అన్నారు అయ్యగారు, కొంచెం గట్టిగా, ఆయనకి వినపడాలని. నాన్నగారు చెవి వెనక చెయ్యి పెట్టుకుని ఇంకోసారి చెప్పించుకున్నారు.

బండి మీద ఇంటికొస్తుంటే వెనకనుంచి నెమ్మదిగా అడిగారు, ఎందుకు ఆపలేదని. జేబు సంగతి చెప్పాను. మీరే ఆగిపోవచ్చు కదా అన్నాను.

"ఎక్కడ ఆగమంటావురా? ఒక పేరు చెప్పాక వాడి తండ్రి పేరు చెప్పాలి కదా. మధ్యలో ఆపితే ఎవడో ఒకడు తండ్రి లేకుండా మిగిలిపోతాడు."

వంశాల సంగతి నాకేం తెలుసు. నేను చదివింది వృక్షశాస్త్రం.

ఆ సాయంత్రం నాలుగింటికి వీఆర్వో గారు మా ఇంటికి వచ్చారు. ఆయన మామూలుగా రారు. వరండాలో నాన్నగారి ఎదురుగా కూర్చుని, "మాస్టారూ, బాగున్నారా" అని అరిచారు. నాన్నగారు తలూపారు. లోపల అమ్మ ఫోన్లో ఎవరితోనో మాట్లాడుతోంది. "శుక్రవారమేనాండీ, పొద్దున్నా" అనడం వినపడింది. ఉపవాస ప్రార్థన గురించి అనుకున్నాను. వీఆర్వో గారు ఆ పలకరింపుతో నాన్నగారి పని అయిపోయినట్టు నా వైపు తిరిగి, గొంతు తగ్గించారు. ఆయన తగ్గించిన గొంతు మన మామూలు గొంతు.

"బాబూ, నిజం చెప్పు. ఇవాళ మీ నాన్నగారు చూసి చదవలేదు."

జ్ఞాపకశక్తి ఎక్కువండీ అన్నాను.

"నా సర్వీసులో ఎన్ని కుటుంబాలకి వంశవృక్షాలు రాశాననుకున్నావు? మూడు తరాలు దాటితే ఎవడి తాత ఎవడో వాడికే తెలీదు. అన్ని తరాలు చూడకుండా చెప్పడం మనిషి వల్ల కాదు. పోనీ చూసి చెప్పారా అంటే, ఆయన ముందు ఉన్నది ఆ పేజీ కాదు. ప్రతి ఆదివారం నా పాఠం అవగానే సువార్త దగ్గరికి తిప్పి పెట్టి దిగుతాను. ఇవాళ తిప్పలేదు, కావాలనే. కొన్నాళ్ళుగా నాకు అనుమానం, అందుకని ఎంక్వైరీ పెట్టాను. పాత నిబంధన పేజీ చూస్తూ కొత్త నిబంధన చదివేశారు మీ నాన్నగారు. ఒక్క కాగితం తిప్పలేదు."

కుర్చీ చేతి మీద తాళం వేస్తున్న నాన్నగారి వేళ్ళు ఆగిపోయాయి. ఆయన మొహం మాత్రం చెవుడున్న మొహంలాగే ఉంది. ఎదురుగా ఉన్న జామచెట్టు వంక చూస్తున్నారు. అది ఆయనకి కనపడదని నాకు తెలుసు.

"చూపు పోయింది కదూ."

నేను మాట్లాడలేదు. మా ఊళ్ళో దాన్ని సంతకం కింద తీసుకుంటారు.

"చెబితే కొంపలేం మునిగాయి బాబూ? ఎవరైనా ఆ స్టాండు ఎత్తుకుపోతారా? నన్ను చూసే దాచుంటారు, నాకు తెలుసు. నేనేది చదివినా సర్వే నంబరు చదివినట్టుంటుందని మా ఆవిడే అంటుంది. ఆయన చదివితే జనం నిలబడి వింటారు. నేను చదివితే నిలబడి ఉంటారు, అంతే. నాకొద్దు ఆ పాఠం. కళ్ళు బాగు చేయించుకోమను. నెలో రెండు నెలలో నన్ను చూసుకోమంటే చూసుకుంటాను, ఆయన వచ్చిన రోజున ఆయన స్థలం ఆయనకి అప్పజెప్పేస్తాను. కావాలంటే రాసిస్తాను." ఇంకా గొంతు తగ్గించారు. "కాకపోతే నువ్వు నెమ్మదిగా చెప్పు. ఇదంతా నేనన్నానని చెప్పకు. ముందే చెవుడు మనిషి. చూపూ లేదని నాకు తెలిసిందంటే తట్టుకోలేరు."

ఏడాదికి పైగా నాన్నగారిని భయపెట్టిన సంగతి అలా నాలుగు మాటల్లో తేలిపోయింది. విన్నట్టు ఒప్పుకోవడానికి మాత్రం వీల్లేదు. జేబురుమాలు తీసి కళ్ళు తుడుచుకున్నారు. శుక్లాలకి అప్పుడప్పుడు నీరు కారుతుందని డాక్టరుగారు చెప్పే ఉన్నారు. వీఆర్వో గారు అది చూసి, పాపం ఏమీ వినపడకపోయినా మనిషికి ఏదో తెలుస్తుంది బాబూ అన్నారు.

అమ్మ కాఫీ గ్లాసులు పట్టుకుని, ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని వరండాలోకి వచ్చింది. "ఉంటానండీ" అని ఫోను పెట్టేసింది. ఒక గ్లాసు వీఆర్వో గారికి ఇచ్చింది. రెండోది నాన్నగారి చేతికి, వేళ్ళు గ్లాసు చుట్టూ సరిగ్గా పడేదాకా పట్టుకుని, అందించింది. ఏడాదిగా ఆవిడ అలాగే అందిస్తోందని నాకు అప్పుడు గుర్తొచ్చింది. తర్వాత వీఆర్వో గారి వైపు తిరిగి, ఎప్పటి మామూలు గొంతుతోనే అంది.

"ఆయనకి చెవులు శుభ్రంగా వినపడతాయి అన్నయ్యగారూ. కళ్ళే కనపడవు. శుక్రవారం ఆపరేషనుకి పేరు రాయించేశాను."